బావ పొట్ట మీద రెండు గుర్తులు

మా బావకు మేము రెండు మాటలు చెప్పాం. ఆపరేషన్ చేస్తే బతుకుతావన్నది ఒకటి. పొట్ట మీద పెట్టే సంచి ఆరు నెలలే ఉంటుందన్నది రెండోది. మొదటిది డాక్టరు చెప్పిన మాట. రెండోది మా అక్క లోకేశ్వరి నిలుచున్నపాటున కల్పించిన మాట.

ఎక్కడ కల్పించిందో నాకు బాగా గుర్తు. తిరుపతిలో పెద్దాసుపత్రి, స్కానింగు గది బయట నీళ్ల కుళాయి పక్కన. బావ గంగాధరాన్ని లోపలికి పంపి డాక్టరు మా ఇద్దరినీ పిలిచి చెప్పాడు. పేగు చివర గడ్డ ఉంది, క్యాన్సర్ గడ్డ. కరెంటు పెట్టినా, మందులెక్కించినా పూర్తిగా కరగలేదు. ఆ భాగం మొత్తం తీసేయాలి. కింద దారి కుట్టేస్తారు. పేగు కొసను పొట్టకు ఎడమవైపు బయటికి తెచ్చి దానికి సంచి తగిలిస్తారు. ఇక బతికినంత కాలం అంతే. "ఆయనకు మీరు చెప్తారా, నేను చెప్పేదా?" అని అడిగాడు. మేమే చెప్తామంది అక్క.

చెప్పింది కూడా, సగం. అప్పటికి బావ బయటికొచ్చి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. సంచి అన్న మాట వినగానే బావ కుళాయి కట్టేసి మావైపు తిరిగాడు.

"దొడ్డికి పొయ్యేది పొట్ట మీదనా? సంచిలోకా?"

"అవునంట."

"అట్ల బతికేదానికంటే మనూళ్లో రైలు పట్టాలు దగ్గిరే కదా" అన్నాడు. అరవలేదు. టీ తాగొస్తానన్నంత మామూలుగా అన్నాడు. అందుకే మాకు ఒళ్లు జల్లుమంది.

అక్క ముఖంలో రంగు మారడం చూశాను. మరుక్షణమే నవ్వింది. "యాల అంత మాట? ఆర్నెల్లేనంట. పుండు మానినాక మళ్లా లోపల అతికించేస్తారంట. డాక్టరే సెప్పినాడు. ఏరా మునీ?"

బావ నావైపు చూశాడు. నేను అబద్ధమాడనని ఆయనకో నమ్మకం. అన్నీ ముఖం మీద అనేసి నలుగురితో తగాదాలు పెట్టుకునే నోరు నాది. "అవును బావా, ఆర్నెల్లే" అన్నాను. ఆ రోజునుంచీ పాపంలో నాకు సగం వాటా.

మాది నగరి. మా వీధిలో ఇప్పుడంతా మరమగ్గాల మోత. గుంట మగ్గాలు మిగిలింది రెండే, అవీ మా బావ ఇంటి నడవలోనే, ఎదురెదురుగా. ఒకటి ఆయనది, ఒకటి నాది. నాకు పన్నెండేళ్లప్పుడు మా నాయన పోతే, బావ నన్ను తెచ్చుకుని గుంటలో దించి, కాళ్లు ఎక్కడ పెట్టాలో చేతులు ఎక్కడ పెట్టాలో నేర్పాడు. నేసిన గుడ్డను చుట్టే కర్ర ఒడిలో పడుకున్నట్టు పొట్టకు ఆనుకునే ఉంటుంది మాకు. ఒక్కో పోగుకూ ముందుకు వంగుతాం, కర్ర పొట్టను ఒత్తుతుంది. అలా రోజుకు ఎన్ని వేలసార్లో. మా ఇద్దరి పొట్టల మీదా బొడ్డు కింద ఒకేచోట నల్లటి చార ఉంటుంది, కాయ కాసినట్టు. మనిషిని చూపించకుండా పొట్ట చూపించినా ఎవరి పనేమిటో చెప్పొచ్చు.

బావకు ఇంకొక పిచ్చి ఉంది, భారతం. మా ద్రౌపదమ్మ గుడి దగ్గర ఏటా జూన్‌లో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మొదటి రోజే బావ చేతికి దీక్షదారం, కాపు, కట్టుకుంటాడు. ఆ పద్దెనిమిది రోజులూ మగ్గం మీదికి రాడు. చివరి రోజు సాయంత్రం పసుపు పంచె కట్టి, ఒట్టి ఒంటికి పసుపు పూసుకుని, అమ్మవారి కుండను, కరగాన్ని, తలకెత్తుకున్నవాడి వెనక మొదటి మనిషిగా అగ్నిగుండం తొక్కుతాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ చోటు ఆయనదే. నాకు అలాంటివి పట్టవు. "నువ్వు తొక్కేది నిప్పులు కాదు బావా, బూడిద. నిప్పులు నా మగ్గం గుంటలో ఉండాయి, వచ్చి తొక్కు" అని ఎగతాళి చేసేవాణ్ని. ఆ పద్దెనిమిది రోజుల నేత కూడా నా నెత్తినే పడేది మరి.

"మగ్గం గుంటలో కాలు పెట్టినోడు బాగుపడడురా" అని ఆయన తిరిగి అనేవాడు. నేత పనివాళ్లు అందరూ అనే మాటే కదా అని నవ్వి ఊరుకునేవాణ్ని.

జనవరి చివర్లో ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మగవాళ్ల వార్డులో తోడుగా మగమనిషి ఒక్కడే ఉండాలి, అదీ పాసు ఉంటేనే. పిల్లలు లేని ఇల్లు వాళ్లది. అందుకని పాసు నా మెడలో పడింది. అక్క బస్టాండు వైపు ఒక సత్రంలో, గుండ్లు గీయించుకున్న యాత్రికుల మధ్య చాప వేసుకుని పడుకునేది. సాయంత్రం నాలుగింటికి గంటసేపు లోపలికి రానిచ్చేవారు. మిగతా వేళల్లో గేటు కటకటాల దగ్గరికి వచ్చి నన్ను పిలిపించేది. రోజూ ఒకే ప్రశ్న. "ఎవురన్నా నోరు జారినారా?"

"లేదక్కా."

"నువ్వు?"

"నేనెందుకు జారతాను?"

"నీ నోరు నాకు తెలుసు."

ఆపరేషన్ ముందు రోజు మధ్యాహ్నం రూపశ్రీ అనే నర్సు వచ్చింది. ఈ సంచుల వ్యవహారమంతా ఆమె చూస్తుందట. పేగును ఎక్కడ బయటికి తేవాలో ముందురోజే పొట్ట మీద గుర్తు పెడుతుంది, ఆ గుర్తు చూసుకుని సర్జన్ కోస్తాడు. మంచం చుట్టూ తెర లాగి బావను చొక్కా విప్పమంది. పడుకోబెట్టింది, కూర్చోబెట్టింది, నిలబెట్టింది, వంగమంది. చర్మం మడత పడేచోట సంచి అతుక్కోదు, కారిపోతుందని చెప్పింది.

"ఏం పని చేస్తావన్నా?"

"మగ్గమమ్మా. గుంట మగ్గం."

ఆమె ఎప్పుడూ చూడలేదట. "ఒకసారి అట్ల కూర్చుని చూపించు" అంది.

బావకు హుషారొచ్చింది. చాలా రోజుల తర్వాత ఎవరో ఆయన్ని రోగం గురించి కాక పని గురించి అడిగారు. పొట్టి స్టూలు మీద కూర్చున్నాడు. సెలైన్ కట్టే ఇనప కడ్డీ ఊడదీసి నేను ఆయన పొట్టకు అడ్డంగా పట్టుకున్నాను.

"ఇంకొంచిం కిందికి పట్టరా. అది నీ మగ్గం, ఇది నాది."

కుడిచేత్తో లేని తాడు లాగాడు, ఎడమచేత్తో పోగును ఒత్తే లేని పలకను తనవైపు లాక్కున్నాడు, ముందుకు వంగాడు. కడ్డీ సరిగ్గా ఆ నల్లటి చార మీదికి వచ్చి ఆగింది. నర్సు నవ్వేసింది. "నేను గీసేలోపల నువ్వే గీసుకొచ్చినావే!"

తర్వాత ఆమె వేలితో రెండు చోట్లు చూపించి నిదానంగా చెప్పింది. "ఇదో, ఈ పైన పెడితే కర్ర తగలదు. మగ్గం నేసుకోవచ్చు. కానీ పంచెకు పైన ఉంటుంది. చొక్కా లేకుంటే అందరికీ కనబడుతుంది. కింద ఈడ పెడితే, పంచె రవ్వంత పైకి, వదులుగా కట్టుకుంటే లోపల దాగిపోతుంది. ఎవరికీ తెలీదు. కానీ కర్ర దాని మీదే కొడుతుంది, మగ్గం కుదరదు. సంచి అతికేదానికి రెండు చోట్లూ బాగానే ఉండాయి. నీ ఒళ్లు, నువ్వే చెప్పన్నా. పెన్ను తెస్తాను" అని తెర బయటికి వెళ్లింది.

బావ వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టాడు. "భారతం జూన్‌లో గదరా. ఆర్నెల్లంటే జూలై. ఒక్క నెల తేడాలో సిక్కినాము సూడు."

"ఈ యేడు గుండం తొక్కకుంటే ఏమి బావా?"

"తొక్కేది అటుండనీ. కాపు కట్టుకోని ఒట్టి ఒంటితో అమ్మ ముందర నిలబడాల గదా. ఇది బయట ఏలాడతా ఉంటే దగ్గిరికి రానిస్తారా? మైల అంటారు. కింద ఉంటే ఎవురికి తెలుస్తాది?"

"మగ్గం?"

"ఈ ఆర్నెల్లు ఎట్లా మగ్గం ఎక్కేది లేదు. తర్వాత తీసేస్తారు గదా."

నోటిదాకా వచ్చింది. తీసేయరు బావా, అని. నర్సు తెర తొలగించుకుని లోపలికి వచ్చింది. నేను కడ్డీని స్టాండుకు బిగించడంలో పడ్డాను, అదేదో మహా అవసరమైన పని అయినట్టు.

కింద నల్ల పెన్నుతో సున్నా చుట్టింది. పైన చిన్న అడ్డగీతల గుర్తు పెట్టింది. పైది ఎందుకని బావ అడిగాడు. లోపల పేగు కిందిదాకా అందకపోతే అప్పుడు పైన తెస్తారు, అందుకని రెండోది ఉంచుతామంది. ఆమె వెనకే వరండాలోకి వెళ్లి, పైదే ఖాయం చేయరాదా సిస్టర్ అని అడిగాను.

"ఆయన్నడిగి పెట్టినాను. మీకు వేరే ఆలోచన ఉంటే ఆయనతోనే మాట్లాడండి. రేపు ఏడింటికి తీసుకుపోతారు" అంది.

నాలుగింటికి అక్క వచ్చి, బావతో గంటసేపు ఊళ్లో కబుర్లు చెప్పింది. తిరిగి వెళ్లేటప్పుడు గేటు దగ్గర పట్టుకుని జరిగినదంతా చెప్పాను. అంతా విని, "కిందయితే ఏమిప్పుడు?" అంది.

"జన్మలో మళ్లా మగ్గం ఎక్కలేడక్కా! ఆర్నెల్లే అనుకోని ఆ సోటు ఎంచుకున్నాడు. సెప్పేద్దాం."

"సెప్తే లేచి పొయినాడనుకో, నువ్వు పట్టుకోగలవా?"

"పోడక్కా."

"నీకెట్ల తెలుసు? రైలు మాట అన్నది నువ్వు గూడా ఇన్నావు గదా. మగ్గం పోతే పోనీ. మగ్గం లేకుంటే మనుషులు సావరు." గేటు కటకటాల్లోంచి చేయి పెట్టి నా చొక్కా పట్టుకుంది. "మునీ, నువ్వు సెప్పినావంటే నేను నీకు అక్కను కాను. ఆయన ఉంటే సాలు నాకు. ఎట్లున్నా సరే, ఉంటే సాలు."

నాకు కోపం ఆగలేదు. తనకు మొగుడు కావాలి, మొగుడి బతుకు ఏమైనా ఫరవాలేదు అన్నట్టు తోచింది ఆ నిమిషం. గేటు కడ్డీని ఒక్క తన్ను తన్ని లోపలికి వచ్చేశాను. బొటనవేలు వాచింది తప్ప ఒరిగిందేమీ లేదు.

వార్డులోకి వెళ్లేసరికి ఒక చిన్న డాక్టరు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషు కాగితం. "పేషెంటుకు అంతా వివరంగా చెప్పినారు కదా? సంచి విషయం కూడా?" అని నన్నే అడిగాడు.

బావ మంచం మీద కూర్చుని నా నోటివైపే చూస్తున్నాడు. చెప్పలేదు సార్ అంటే ఆ డాక్టరే చెప్పేసేవాడు. రెండు నిమిషాల పని.

"చెప్పినాం సార్" అన్నాను.

బావ కాగితం తీసుకుని, తన పేరును తెలుగులో గుండ్రంగా, ఒత్తులు దీర్ఘాలు సరిచూసుకుంటూ రాశాడు.

ఆ సాయంత్రం పేగు శుభ్రం కావడానికి ఉప్పుప్పని మందునీళ్లు గ్లాసు తర్వాత గ్లాసు తాగించారు. తాగడం, పరుగెత్తడం. ఎనిమిదో తొమ్మిదో సారికి నడవలేక నా భుజం పట్టుకున్నాడు. మరుగుదొడ్డి బయట నేను గోడకు ఆనుకుని నిలబడితే లోపలినుంచి మాట వినిపించింది.

"మునీ, రేపట్నుంచీ ఈ దావ మూసేస్తారు గదా."

"ఊఁ."

"ఒకపక్క నవ్వొస్తాది, ఒకపక్క భయమేస్తాదిరా. ఆర్నెల్లు అనుకుంటే రవ్వంత ధైర్యంగా ఉండాది."

కుళాయి తిప్పి నీళ్లు పోయేలా చేశాను, విననట్టు ఉండొచ్చని.

మంచం మీదికి చేర్చాక కళ్లు మూసుకునే అన్నాడు. "నాకు ఈ తడవ నడిసేదానికి శాత కాకుంటే, నా సోట్లో నువ్వు నిలబడు. కరగం ఎనకాల మొదటి మనిషి. వేరేవాళ్లకి ఇయ్యొద్దు."

"నాకెందుకు బావా అవన్నీ? నా కాళ్లు కాలితే మగ్గం ఎవురు తొక్కుతారు?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పక్కకు తిరిగి పడుకున్నాడు.

మంచం పక్కన నేలమీద పడుకుని ఆయన చేతులనే చూస్తూ ఉన్నాను. నిద్రలో కూడా కుడిచెయ్యి అప్పుడప్పుడు కదిలేది, తాడు లాగినట్టు. ముప్పై ఎనిమిదేళ్ల పని. మగ్గం మీద కాకుండా బావను ఇంకెక్కడ చూడాలో నాకు తెలియదు. ఎదురు మగ్గం ఖాళీగా ఉంటే ఆ నడవలో నేను ఒక్కపూట కూర్చోలేను. పద్దెనిమిది రోజుల ముచ్చట కోసం, నలుగురి ముందు చొక్కా విప్పి నిలబడే సోకు కోసం, అదీ మేం చెప్పిన అబద్ధాన్ని నమ్మి, ఆయన తన పనిని తనే నరికేసుకుంటున్నాడు. అలాగే అనుకున్నాను. దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పమన్నా ఆ పూట అలాగే చెప్పి ఉండేవాణ్ని.

తెల్లవారుజామున ఐదున్నరకు ఎర్రటి మందు సబ్బు ఇచ్చి ఒళ్లు కడగమన్నారు. బావకు లేచే ఓపిక లేదు. తెర లాగి, బకెట్టు పెట్టుకుని, తువ్వాలు తడిపి మంచం మీదే తుడిచాను. మెడ, చంకలు, ఛాతీ. పొట్ట దగ్గరికి వచ్చేసరికి సున్నా గుర్తు నల్లగా, గట్టిగా ఉంది. సబ్బుకు కదల్లేదు. మంచం కాళ్లవైపు చేతులు తుడుచుకునే మందు సీసా వేలాడుతోంది, స్పిరిట్ వాసన వేసేది. రెండు సార్లు నొక్కి తువ్వాలు కొస మీద పోసుకున్నాను.

"ఏందిరా సల్లగా?"

"మందు బావా. పూసెయ్యమన్నారు."

సున్నా ముందు బూడిద రంగుకు వచ్చింది. ఇంకొంచెం రుద్దితే పోయింది. కింద నల్లటి చార మిగిలింది, పైన అడ్డగీతల గుర్తు మిగిలింది. ఆ గుర్తుకు తడి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టాను. నా చెయ్యి కింద ఆయన పొట్ట వెచ్చగా, ఊపిరికి పైకీ కిందికీ కదులుతోంది. తప్పు చేస్తున్నానని అనిపించలేదు. ఒక మనిషి బతుకును నా చేత్తో కాపాడుతున్నానని అనిపించింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, సిగ్గు లేకుండా.

ఏడింటికి తీసుకెళ్లారు. ఆరు గంటలు పట్టింది. నేనూ అక్కా బయట బల్ల మీద ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా కూర్చున్నాం. ఒంటిగంట దాటాక డాక్టరు వచ్చి, గడ్డ మొత్తం వచ్చేసింది, బాగా జరిగింది అన్నాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆయన వెనక రెండడుగులు పరుగెత్తి, "సార్, పేగు పైన తెచ్చినారా, కిందా?" అని అడిగాను. ఆయన వింతగా చూశాడు. "గుర్తు పెట్టినచోటే" అన్నాడు.

మూడు రోజులు బావ గొట్టాల మధ్య మగతగా ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున రూపశ్రీ సంచి మార్చడం నేర్పిస్తానని ట్రే తీసుకుని వచ్చింది. తల కింద దిండు ఎత్తుగా పెట్టి దుప్పటి తీసింది. బావ మొదటిసారి తన పొట్ట వైపు చూసుకున్నాడు. ఎర్రగా, తడిగా, కోసిన టమోటా ముక్కలా ఉంది పేగు కొస. ఆయన దాన్ని చూసి ఉలిక్కిపడలేదు. చూపుడువేలు మెల్లగా జరిపి చార మీద పెట్టాడు. అక్కడినుంచి సంచి దాకా వేళ్లతో కొలిచాడు.

"కిందగదమ్మా పెట్టమన్నాను?"

రూపశ్రీ ఫైలు తిప్పి చూసింది, నొసలు ముడిచింది. "కిందనే రాసినాను. లోపల అందలేదేమోన్నా. డాక్టర్ని కనుక్కుంటాను" అంది. మార్చడం ఎలాగో చూపించి, ట్రే తీసుకుని వెళ్లిపోయింది.

బావ నావైపు తిరిగాడు. "ఆ పొద్దు సల్లగా తుడిస్తివి గదా."

నేను దుప్పటి సర్దుతున్నాను.

"దుప్పటి ఇడిసిపెట్టు. యాల తుడిసినావు?"

"మగ్గం..." అన్నాను.

"ఆర్నెల్లకి లోపలికి పొయ్యేదానికి మగ్గమెందుకురా అడ్డమొచ్చింది?"

ఆయన నా ముఖాన్నే చూస్తూ ఉన్నాడు. లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. కళ్లలో ఏదో ఆరిపోవడం నాకు కనబడింది.

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ బావా."

"మీ యక్కకి తెలుసునా?"

"తెలుసు."

"ఆ పొద్దు కుళాయి కాడనే తెలుసునా?"

"ఊఁ."

అరిచి ఉంటే బాగుండేది. పొట్ట మీద అంత పొడుగు కోత పెట్టుకుని మనిషి అరవలేడు కదా. నేనే వాగడం మొదలుపెట్టాను. కింద పెడితే మళ్లీ మగ్గం ఎక్కలేవని, ముప్పై ఎనిమిదేళ్ల పని ఒక్క గీతతో పోతుందని, నాకు మనసు రాలేదని, నువ్వు నేర్పిన పని బావా అని.

"మగ్గం నాకెందుకురా?"

నాకు అర్థం కాలేదు.

"మా నాయన గుంటలో దించినాడు, దిగినాను. కూడు పెట్టింది, తిన్నాను. నిన్నూ దించినాను, ఇంకేమి సేయను తెలీక. మోకాళ్లు పొయినాయి, కండ్లు పొయినాయి. దానిమీద ప్రేమని నీకెవురు సెప్పినారు?" ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఏడాదిలో పద్దెనిమిది దినాలురా. ఆ పద్దెనిమిది దినాలే నేను గుంట బయట, పదిమందిలో నిలబడేది. గంగాధరం వచ్చినాడు దావ ఇడవండి అంటారు. మిగతా దినాల్లో నేను ఎవురికి కావాల?"

"ఆర్నెల్లే అనుకోని కింద అన్నావనుకున్నా బావా."

"ఎప్పటికీ అని సెప్పిందే అయితే ఇంకా గట్టిగా అనిందును. పంచెలో ఉండుంటే అమ్మకి, నాకు తప్ప ఎవురికీ తెలిసుండదు. ఇప్పుడు దీన్ని ఏలాడేసుకోని ఒట్టి ఒంటితో యాడ నిలబడేది?"

"రైలు కింద పడతానన్నావు కదా. అక్క బెదిరిపొయింది. నేనూ బెదిరిపొయినా."

"అన్నాను. ఇనంగానే నోటికొచ్చింది, అన్నాను. మొదటి మాట పట్టుకోని మీరిద్దురూ పరిగెత్తితిరి. రెండో మాట ఎవురన్నా అడిగినారారా?"

అడగలేదు. ఆయన పక్కనే పది రోజులు పడుకున్నాను, మలమూత్రాలు ఎత్తాను, కాళ్లు పట్టాను. అడగాల్సింది మాత్రం అడగలేదు. మంచం కడ్డీ పట్టుకుని ఏడ్చాను. ఆయన నన్ను ఊరడించలేదు, పొమ్మనీ అనలేదు.

నాలుగింటికి అక్క వచ్చింది, సత్రం దగ్గర కొన్న కొత్త తువ్వాలు పట్టుకుని. ఆయన ముఖం, నా ముఖం మార్చి మార్చి చూసింది. భయాన్ని నవ్వుతో కప్పేయడం ఆమెకు అలవాటైపోయింది. "నాలుగు దినాలు గడిసిపొయినాయి. ఇంక ఐదు నెల్ల ఇరవై ఆరు దినాలు. కండ్లు మూసి తెరిసేలోగా అయిపోతాది" అంది.

బావ ఆమెను చాలాసేపు చూశాడు. అంటాడేమో, అనేస్తే నా గుండె బరువైనా దిగుతుందేమో అని చూశాను. ఆయన అనలేదు.

"సొక్కా తొడగరా నాకు" అన్నాడు.

గొట్టాలు తప్పించి, చేతులెత్తించి, మెల్లగా తొడిగాను. గుండీలు పెట్టాను. సంచి దగ్గర చొక్కా ఉబ్బెత్తుగా నిలబడింది.

బావకు అంతా తెలిసిపోయిందని అక్కకు నేనే చెప్పాను, ఇంటికొచ్చిన వారానికి. ఆమె ఆయన కాళ్ల మీద పడింది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని, "లే, అన్నం పెట్టు" అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మే నెలలో బావ మగ్గం ఎక్కాడు, కింద రెండు దిండ్లు వేసుకుని. కర్ర సంచికి నాలుగు వేళ్ల కింద ఆగుతుంది, అనుకున్నది అనుకున్నట్టే. గుడ్డ బాగానే వస్తోంది. నేతలో ఒక్క లోపం లేదు. నేను కాపాడిన మగ్గం అది. ఎదురుగా కూర్చుని రోజంతా దాన్నే చూస్తున్నాను.

జూన్‌లో భారతం మొదలైంది. కాపు కట్టే రోజు గుడివాళ్లు ఇంటికి వచ్చి పిలిచారు. ఒంట్లో బాగలేదని చెప్పి పంపేశాడు. పద్దెనిమిది రోజులూ పగలు కథ చెప్పే మైకు, సాయంత్రం పంబ డప్పుల మోత మా నడవలోకి వస్తూనే ఉండేది. ఆయన మగ్గం దిగలేదు.

గుండం రోజు సాయంత్రం మోత హెచ్చాక నాకు చేతులు ఆడలేదు. మగ్గం ఆపేశాను. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"కరగం ఎనకాల మొదట ఎవురు నిలబడినారు?"

"మన వీధి వరదయ్య తమ్ముడంట బావా. మొదటిసారి."

ఆయన చెయ్యి తాడు మీద ఆగింది. "వానికి నడక తెలుసునా? భయపడి పరిగెత్తితే నిప్పు వేళ్ల సందుల్లో ఇరుక్కుంటాది. మట్టమైన అడుగు ఎయ్యమని, నిదానంగా పొమ్మని సెప్పిరా పో. నేను సెప్పినానని సెప్పద్దు."

పరుగెత్తాను. గుండం చుట్టూ కట్టిన తాడు దాటుకుని వాడి చెవిలో చెప్పాను. వాడు నడిచేదాకా నిలబడలేక వెంటనే తిరిగొచ్చేశాను. నడవలో లైటు వేసి ఉంది. బావ ఇంకా నేస్తూనే ఉన్నాడు. అక్కా నేనూ తప్ప ఎవరూ లేని ఇంట్లో, జూన్ ఉక్కలో, పైగుండీ దాకా పెట్టుకున్న చొక్కాతో. వీపంతా తడిసి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"సెప్పినావా?" అన్నాడు.

"సెప్పినాను బావా."

"సరే, కూసో. నెయ్యరా" అన్నాడు.